ఒక్క ఖాతా, అరడజను బ్లాగులు

మా బళ్ళారి కుర్రాళ్ళు ఇప్పుడు ఒక్క హోస్టింగు ఖాతా కొని అందులో ఐదారు బ్లాగులు నడుపుతున్నారు. జీన్స్ దుకాణానికి ఒకటి, వంటలకు ఒకటి, సొంత కవితలకు ఇంకొకటి. రాస్తున్నందుకు సంతోషమే. కానీ "నీ కవితలు ఏ డేటాబేసులో ఉన్నాయి నాయనా?" అని అడిగితే తెల్లమొహం వేస్తారు. "మీట నొక్కితే వర్డ్‌ప్రెస్ దానంతటదే ఎక్కింది సార్, బ్యాకప్ వాళ్ళే చూసుకుంటారు సార్" అంటారు. తను రాసింది ఎక్కడుందో తనకే తెలియకపోతే ఎట్లా?

మా రోజుల్లో, 2006, 2007 నాటికి, తెర మీద తెలుగు కనబడటమే గగనం. విండోస్ ఎక్స్‌పీలో భాషల సెట్టింగుల్లోకి పోయి టిక్కు పెట్టి, సీడీ వేయమంటే వేసి, మళ్ళీ మొదలుపెడితే గాని అక్షరాలు కుదురుగా నిలిచేవి కావు. టైపు చేయడానికి వీవెన్ చేసిన లేఖిని, నలుగురి కంట పడటానికి, తెలుగు బ్లాగుల టపాలన్నీ ఒకచోట చూపే కూడలి. కన్నడానికి బరహ. మా ఊరివాడికి రెండూ కావాలి మరి. 1953లో ఆదోని, ఆలూరు, రాయదుర్గం ఆంధ్రకు పోయి బళ్ళారి మైసూరుకు దక్కింది గాని, ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం ఇక్కడ ఈనాటికీ మామూలే. యూనికోడులో కూడా తెలుగుకిచ్చిన 128 గడులు అయిపోగానే కన్నడం గడులు మొదలవుతాయి. అది తెలిసినప్పుడు నాకెంత సంబరమయిందో!

రెండు భాషలూ ఒకే బ్లాగులో రాస్తే కూడలిలో తెలుగు టపాల మధ్య కన్నడ టపా వచ్చి పడేది. అందుకని వేర్వేరుగా రెండు పెట్టాను. మూడోది నాటకాలకు. ధర్మవరం రామకృష్ణమాచార్యులు సరస వినోదిని సభ నడిపిన ఊరు, కోలాచలం శ్రీనివాసరావు నాటకాలు రాసిన ఊరు, బళ్ళారి రాఘవ (1880-1946) పెరిగి వేషం కట్టిన ఊరు. ఆ సంగతులు రోజువారీ కబుర్ల అడుగున పడిపోకూడదనిపించింది.

చేతిలో ఉన్న డబ్బు ఒక్క ఖాతాకే సరిపోయేది గనక మూడూ అందులోనే. అయినా దేని ఫోల్డరు దానిదే, దేని పాస్‌వర్డు దానిదే. చౌక ప్లానులో డేటాబేసు ఒక్కటే ఇస్తే, ఒక్కో బ్లాగు పట్టికల పేర్లకు ముందు ఒక్కో గుర్తు తగిలించి, కాన్ఫిగ్ ఫైలు చేత్తో రాసుకునేవాళ్ళం. 2010లో వర్డ్‌ప్రెస్ 3.0 మల్టీసైటు తెచ్చింది: ఇన్‌స్టలేషను ఒకటే, బ్లాగులు ఎన్నయినా. కాలేజీలకూ పత్రికలకూ అది బాగానే ఉంటుంది. సొంత రాతలకు మాత్రం నేను ఒప్పుకోను. అందులోంచి ఒక్క బ్లాగును విడదీసి ఇంకోచోటికి మార్చడం పెద్ద పీకులాట.

ఈ కుర్రాళ్ళకు అసలు తట్టని సంగతి ఇంకొకటి ఉంది. ఒకే ఖాతాలోని బ్లాగులంటే వఠారంలో కాపురాలు. పేర్లు వేరయినా సర్వరు లెక్కలో అందరూ ఒకే యూజరు. వంటల బ్లాగులో ఏనాటిదో ప్లగిన్ అప్‌డేట్ చేయకుండా వదిలేస్తే, దాంట్లోంచి దూరినవాడు పక్క ఫోల్డరులోని కవితల ఫైళ్ళలోనూ రాయగలడు. ఆడి వదిలేసిన ప్రయోగాలు, పాత థీములు ఎప్పటికప్పుడు తీసి పారేసేవాళ్ళం అందుకే. ఇప్పుడు "అపరిమితం" అన్న ప్రకటన చూసి అన్నీ పోగేస్తున్నారు. ఎన్ని ఫైళ్ళు పెట్టుకోవచ్చన్న హద్దు షరతుల్లో ఎక్కడో సన్నక్షరాల్లో ఉంటుంది. ఒక్క వర్డ్‌ప్రెస్సే వేల ఫైళ్ళు.

తెలుగు రాసేవాడికి ఇంకో బెడద. తెలుగు శీర్షిక పెడితే టపా చిరునామాలో ఒక్కో గుర్తుకు తొమ్మిదేసి అక్షరాలవుతాయి. వర్డ్‌ప్రెస్ ఆ చిరునామాకిచ్చిన చోటు 200 అక్షరాలే. ఇరవై రెండు గుర్తులు దాటితే మాట మధ్యలో తెగుతుంది. గుణింతమూ ఒత్తూ కూడా లెక్కలోకే వస్తాయి గనక పొడుగు శీర్షికకు తోక మిగలదు. మేం చిరునామా మటుకు ఇంగ్లీషు అక్షరాల్లో పొట్టిగా రాసిపెట్టేవాళ్ళం. వీళ్ళు తెగిన చిరునామానే వాట్సాప్‌లో పంచుతున్నారు, అదేమిటో చూసుకోకుండానే.

మా తరంలోనూ ఇంతకంటే పెద్ద నష్టం జరిగింది. 2010లో గూగుల్ వాళ్ళ కబుర్ల వేదిక బజ్ రాగానే తెలుగు బ్లాగరులు చాలామంది అక్కడికి పోయారు. ఎంత మంచి చర్చలు! 2011 చివర్లో అది మూతపడింది. గూగుల్ ప్లస్‌కు మారారు, 2019లో అదీ పోయింది. బ్లాగుల్లో రాసుకున్నవాళ్ళ మాటలు ఇంకా దొరుకుతున్నాయి. బజ్జుల్లో రాసినవాళ్ళకు ఆ చోటే లేకుండా పోయింది. సొంత ఖాతా ఉన్న పిల్లలు వాళ్ళకంటే ఎంతో నయం. అందుకే నాకింత కోపం, చేతిలో ఉన్నదాన్ని కూడా చూసుకోరని.

ఆదివారం పూట ఎవరొచ్చినా కూర్చోబెట్టి నేర్పిస్తాను. నెలకోసారి ఒక్కో బ్లాగు డేటాబేసు విడివిడిగా దింపుకోవాలి. దింపిన ఫైలు తెరిచి చూడాలి. 2007కు ముందు పెట్టిన పాత బ్లాగులైతే పట్టికలు లాటిన్ అక్షరాల లెక్కలో ఉండిపోయి, మార్చేటప్పుడు తెలుగంతా ప్రశ్నార్థకాలయ్యే ప్రమాదముంది. రాసిన మొదటి టపా, చివరి టపా తెలుగులోనే కనబడుతున్నాయా లేదా చూసి, ఆ తర్వాతే పెన్‌డ్రైవ్‌లో వేసుకోవాలి.