మా రోజుల్లో గది ఇవ్వాలంటే ఇంటాయన్ని అడిగేవాళ్ళం

ఇప్పుడు హైదరాబాదులో ఇల్లు ఒకరిది, అగ్రిమెంటు ఇంకొకరి పేరు మీద, అందులో పడుకునేది ఆ ఓనరుకు ముక్కూమొహం తెలియని మూడోవాడు. ఇల్లు అద్దెకు తీసుకున్న పెద్దమనిషి గదికి ముగ్గుర్ని చేర్చి, తను వేరే ఎక్కడో కాపురం ఉంటాడు. గొడవొచ్చిన రోజున సామాను సర్దుకుని రోడ్డున పడేది మాత్రం ఆ మూడోవాడే. చూస్తుంటే ఒళ్ళు మండుతోంది. వకీలు గారి దగ్గర గుమాస్తాగా బతుకంతా అద్దె దావాల కట్టలు మోసినవాణ్ణి, నాకు ఇంకాస్త ఎక్కువే మండుతుంది.

మా రోజుల్లో చిక్కడపల్లి, నల్లకుంట, బర్కత్‌పురల్లో ఎటు చూసినా వాటాల ఇళ్ళే. ముందు వాటాలో ఇంటివాళ్ళు, వెనక వాటాల్లో మేము, అందరికీ కలిపి ఒకటే నల్లా. ఉస్మానియాలో చదువుకునే పిల్లలు గదుల కోసం ఆ వీధుల్లోనే తిరిగేవాళ్ళు. మాకున్న గదుల్లో ఒకటి అలాంటి కుర్రాడికి ఇద్దామనుకుంటే ముందు ఇంటివాళ్ళ గడప తొక్కేవాళ్ళం.

"పిన్నిగారూ, వీధి గది ఖాళీగానే ఉంటోంది. మా ఊరి అబ్బాయి ఎమ్మేలో చేరాడు, పెట్టుకోమంటారా?"

"నాకేం అభ్యంతరం లేదు నాయనా. మీ బాబాయిగారి చెవిన కూడా ఒక మాట వెయ్యి."

బాబాయిగారు ఆ కుర్రాణ్ణి పిలిపించి తండ్రి పేరు, ఊరు, వంట సంగతి అన్నీ అడిగేవారు. తర్వాత ఆ నెల అద్దె రసీదు అడుగున, రెవెన్యూ స్టాంపు పక్కన, నీలం సిరాతో ఒక వాక్యం రాసేవారు: వీధి గదిలో ఫలానా వారి అబ్బాయి ఉండుటకు నా సమ్మతి. కింద సంతకం, తేదీ. ఆ రసీదు మా ట్రంకు పెట్టెలో భద్రంగా ఉండేది.

ఆ వాక్యం ఉత్త మర్యాద కోసం రాసింది కాదు. 1960 నాటి మన అద్దె నియంత్రణ చట్టం పదో సెక్షను ప్రకారం, ఒప్పందంలో ఆ హక్కు లేకపోతే, ఇంటాయన రాతపూర్వక సమ్మతి లేకుండా ఇల్లంతా గానీ అందులో ఒక భాగం గానీ ఇంకొకరికి అద్దెకిచ్చినవాణ్ణి ఖాళీ చేయించవచ్చు. నోటిమాటగా ఒప్పుకున్నాడంటే కుదరదు. రాసి ఉండాలి. ఆ ఒక్క వాక్యం లేక బోనెక్కి తెల్లమొహం వేసిన కిరాయిదార్లను ఎందరినో చూశాను.

చుట్టమొచ్చి నాలుగు నెలలు ఉంటే అది సబ్‌లీజు కాదు. అద్దెకున్నవాడు తన పట్టు వదిలేసి, గదిని పూర్తిగా మూడోవాడి స్వాధీనం చేసి, అందుకు డబ్బు పుచ్చుకుంటే అది సబ్‌లీజు. ఆ డబ్బు చేతులు మారడం ఇంటాయన కళ్ళారా చూడక్కర్లేదు. ఇలాంటివి చాటుగా జరుగుతాయి కనుక పరిస్థితులను బట్టి కోర్టే ఊహించుకోవచ్చని 1998లో భారత్ సేల్స్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. "ఈయన మా కజిన్ సార్" అంటే నమ్మేవాళ్ళు ఎవరూ లేరు.

ఇప్పటివాళ్ళకు ఇంకో సంగతి తెలియదు. 2005 సవరణ తర్వాత కార్పొరేషన్ల పరిధిలో నెలకు 3,500 రూపాయలు దాటిన అద్దెలకు ఆ 1960 చట్టం వర్తించదు. ఈ నగరంలో ఇవాళ ఆ డబ్బుకు ఒక గదైనా దొరుకుతుందా? అంటే మన అద్దెలన్నీ 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం కిందికి వచ్చి పడ్డట్టే. దాని 108వ సెక్షను ఏమంటుందో తెలుసా? ఒప్పందంలో వద్దని లేకపోతే, స్థానిక ఆచారం అడ్డు రాకపోతే, అద్దెకున్నవాడు సబ్‌లీజుకు ఇచ్చుకోవచ్చు. కాకపోతే అద్దెకు, నష్టానికి ఓనరుకు జవాబుదారీ మాత్రం అతనే. ఇప్పుడు మొత్తం బరువు అగ్రిమెంటు మీదే ఉందన్నమాట. ఆ అగ్రిమెంటునేమో చదివేవాడే లేడు!

జిరాక్సు షాపులో పేర్లు మార్చి తీసిన కాగితం అది. అందులో సబ్‌లీజుకు ఇవ్వరాదని ఒక షరతు ఉంటుంది. ఓనరు చూడడు, తీసుకున్నవాడు చూడడు. పదకొండు నెలలకు రాసుకుంటే రిజిస్ట్రేషన్ అక్కర్లేదని బ్రోకరు చెబితే తలూపుతారు. మన ఉమ్మడి రాష్ట్రం 1999లోనే రిజిస్ట్రేషన్ చట్టాన్ని సవరించి, ఎన్ని నెలల లీజైనా రిజిస్టరు చేయాల్సిందేనంది. ఈ ముక్క బ్రోకరు చెప్పడు.

ఈమధ్య మా తమ్ముడి మనవడు అమీర్‌పేటలో కోచింగుకని దిగిన చోటు చూసి వచ్చాను. మూడు బెడ్‌రూముల ఫ్లాటు. హాలును ప్లైవుడ్ చెక్కలతో మూడు ముక్కలు చేశారు. చెక్క పైకప్పు దాకా కూడా లేదు, అవతలివాడి దగ్గు ఇవతల వినిపిస్తుంది. కిటికీ ఒక ముక్కకే దక్కింది. ఒక్కో ముక్కలో రెండు మంచాలు, మంచానికింతని అద్దె, రెండు నెలల అడ్వాన్సు. "రసీదు ఉందా నాన్నా?" అని అడిగాను. "ఫోన్‌పే చేశాను కదా తాతయ్యా" అన్నాడు. "ఓనరెవరు?" అంటే తెలియదన్నాడు. వాడి తప్పేముంది? చెప్పాల్సిన పెద్దలు చెప్పలేదు.

ఆ పిల్లల నెత్తిన ఉన్న గండం ఏమిటంటే, షరతు మీరినందుకు అసలు కిరాయిదారు లీజు రద్దయితే, దాని కింద పుట్టిన సబ్‌లీజులూ దాంతోపాటే పోతాయి. 1882 చట్టం 115వ సెక్షను చెప్పేది ఇదే. సబ్‌లీజుదారుణ్ణి మోసం చేయడానికి ఓనరే కావాలని రద్దు చేయిస్తే మాత్రం ఇది వర్తించదు. ఇక కట్టిన అడ్వాన్సు ఎవరినడగాలి? తీసుకున్నవాడు ఫోన్ ఎత్తడు, ఓనరు నాకు సంబంధం లేదంటాడు.

2021లో కేంద్రం రాష్ట్రాలకు పంపిన నమూనా అద్దె చట్టంలోనూ ఓనరు రాతపూర్వక సమ్మతి మాటే ఉంది. సబ్‌లీజుకు ఓనరు, కిరాయిదారు కలిసి అనుబంధ ఒప్పందం రాసుకోవాలి, రెండు నెలల్లోగా అద్దె అధికారికి ఇద్దరూ తెలియజేయాలి. కాగితం పెద్దదయింది గానీ బాబాయిగారు రసీదు అడుగున రాసిన వాక్యంలో ఉన్నదే ఇందులోనూ ఉంది.

గదులు దొరకని నగరంలో పంచుకోవడం తప్పని నేననను, మేమూ పంచుకునే బతికాం. దొంగచాటుగా పంచుకోవడమే తప్పు. ఓనర్లూ, ఇల్లిచ్చి ఊరుకోకండి, ఎవరుంటున్నారో ఏడాదికోసారైనా వచ్చి చూడండి. ఇల్లు తీసుకున్నవాళ్ళూ, ఇంకొకరిని చేర్చే ముందు ఓనరు చేత సంతకం పెట్టించుకోండి. పిల్లలూ, డబ్బు పంపే ముందు మూడు అడగండి: అసలు అగ్రిమెంటు కాపీ, ఓనరు రాతపూర్వక సమ్మతి, మీ పేరు మీద రసీదు. ఈ మూడూ చూపించలేనివాడికి ఒక్క రూపాయి కూడా ఇవ్వకండి.