మొదటి వాక్యం

దుబాయ్‌లో ఒక ప్రకటనల సంస్థలో చాలా ఏళ్లు నేను చేసిన పని ఒకటుంది. కంపెనీల తరఫున వాట్సాప్‌కి వచ్చే మెసేజులు చదవడం, వాటిలో పనికొచ్చేవాళ్లని ఏరి పైకి పంపడం. ఎక్కడెక్కడి కుర్రాళ్లో మీకు వీడియోలు చేసిపెడతామని రాసేవాళ్లు. తెలుగువాళ్లూ రాసేవాళ్లు. మనవాళ్ల పేరు కనబడితే ప్రాణం లేచొచ్చేది, తెరిచి చూస్తే ఉసూరుమనిపించేది. "హాయ్" అని ఒకటి, అరగంటాగి "హలో సర్" అని ఇంకొకటి, మర్నాడు గులాబీపువ్వు బొమ్మతో గుడ్ మార్నింగ్. అంతకుమించి ఏమీ ఉండేది కాదు. పనితనం ఉన్నవాళ్లే, చెప్పుకోవడం తెలియక వెనకబడిపోయారు. ఆ బాధ నాకింకా పోలేదు.

అందుకే మా మేనల్లుడు "విదేశీ కంపెనీకి వాట్సాప్‌లో ఎలా రాయాలో చెప్పు మావయ్యా" అని అడిగితే, ఫోన్లో చెప్పే విషయం కాదురా అని సంచీ సర్దుకుని ఆత్రేయపురం వెళ్లాను.

వాడి చానెలంతా పూతరేకులే. పక్కింట్లో ఒకావిడ ఉంది. వాడు పిన్ని అంటాడు, నన్ను అన్నయ్యగారూ అంటుంది. పాతికేళ్లుగా రేకు తీస్తోంది. ఆ పని మీరెప్పుడైనా దగ్గర్నుంచి చూశారో లేదో. బోర్లించిన కుండ, దాని కింద ఎండు కొబ్బరాకు మంట. నీళ్లలా పల్చగా రుబ్బిన బియ్యప్పిండిలో తెల్లటి గుడ్డ ముంచి, రెండు చేతులా అంచులు పట్టుకుని, కాలుతున్న కుండ మీద ఒక్కసారి పరిచి లాగేస్తుంది. లాగిన చోట తెల్లటి పొర నిలుస్తుంది. అవతల్నుంచి వెలుతురు కనబడేంత పల్చన. మంట కొంచెం ఎక్కువైతే మాడుతుంది, తక్కువైతే ఊడిరాదు. ఎంత మంట ఉందో ఆవిడ చూసి చెప్పదు, అరచెయ్యి దగ్గరగా పెట్టి చెబుతుంది. 2023లో ఆత్రేయపురం పూతరేకులకి భౌగోళిక గుర్తింపు వచ్చింది. ఆవిడకి కూలి మాత్రం ఇప్పటికీ వంద రేకుల లెక్కనే వస్తోంది.

మావాడి వీడియోల్లో కనబడేది ఆ చేతులే. ముఖం ఉండదు, పేరు ఉండదు. పైన వాడి చానెల్ పేరు, కింద వాడి ఫోన్ నంబరు. 60 వేలమంది ఫాలోవర్లు ఉన్నారు. ఎవరు ఎక్కణ్ణుంచి చూస్తున్నారో ఇన్‌స్టాగ్రామ్ లెక్క చెబుతుంది కదా, అది తీసి చూపించమన్నాను. హైదరాబాద్, విశాఖపట్నం తర్వాత దుబాయ్, దోహా, కువైట్. నాకేం ఆశ్చర్యం కలగలేదు. మా కోనసీమలో గల్ఫ్‌కి మనిషిని పంపని వీధి లేదు. అక్కడ రాత్రి షిఫ్టు దిగి గదికొచ్చి, మంచం మీద పడుకుని ఊరి రేకు చూసుకునేవాళ్లు ఎంతమందో.

"అయితే నువ్వు రాయాల్సింది సబ్బుల కంపెనీకి కాదు, ఖర్జూరం కంపెనీకి" అన్నాను. "పంచదారకి బదులు ఖర్జూరం పెట్టి రేకు చుట్టొచ్చు. వాళ్లకి పెద్ద అమ్మకాలు రంజాన్‌కి. నెల ముందు రాస్తే లాభం లేదు, అప్పటికి వాళ్ల డబ్బు పంపకాలన్నీ అయిపోతాయి. నాలుగైదు నెలల ముందే తలుపు తట్టాలి."

పిన్ని రేకు తీసే పాకలోనే కూర్చున్నాం. వాడు కెమెరా సర్దుకుంటున్నాడు. ఇంటర్ చదివే పిన్ని కూతురు ఓ పక్కన రేకులు చుడుతోంది. నాకు చెప్పడం మొదలుపెడితే ఆపడం రాదు. పైగా ఇది నాకు అన్నం పెట్టిన విషయం.

"ముందు నీ మామూలు నంబరు నుంచి రాయకు. వాట్సాప్ బిజినెస్ పెట్టుకో. 2018 నుంచీ ఉంది, డబ్బు కట్టక్కర్లేదు. అందులో కేటలాగ్ అని ఉంటుంది. దుకాణంవాళ్లు సరుకు పెడతారే, నువ్వు నీ మూడు మంచి వీడియోల లింకులు పెట్టు. ముప్ఫై కాదు, మూడు. కంపెనీ వెబ్‌సైట్‌లో ఉండే నంబరు ఆర్డర్లు తీసుకునేవాళ్లది. వాళ్లమీద నీ కథంతా కుమ్మరించకు. ఈ విషయం చూసేవాళ్ల ఈమెయిల్ ఇప్పించమని అడుగు. వాట్సాప్ తలుపు తీయడానికి, బేరం ఈమెయిల్లో."

"ఒకసారి కాల్ చేసి మాట్లాడితే పోదా మావయ్యా?"

"నేనక్కడ ఉన్నన్నాళ్లూ వాట్సాప్ కాల్స్ నడవలేదురా. మెసేజులే. వాయిస్ మెసేజ్ కూడా వద్దు. పది మంది కూర్చున్న ఆఫీసులో నీ గొంతు ఎవరు వింటారు? వాళ్ల పది గంటలంటే మనకి పదకొండున్నర. అప్పుడే పెట్టు. శని, ఆదివారాలు పెట్టకు. 2022 నుంచి అక్కడ వారాంతం అవే. శుక్రవారం మధ్యాహ్నం దాటాక కూడా ఎవరూ చూడరు."

"అయితే సోమవారం మంచిదన్నమాట" అంది పిన్ని, కొబ్బరాకు మంటలోకి తోస్తూ. సోమవారం శివుడి రోజు కదండీ అన్నట్టుగా, ఎంత మామూలుగా అందంటే, నేను అవునమ్మా అని మేనల్లుడివైపు తిరిగిపోయాను.

అన్నిటికన్నా ఎక్కువసేపు నేను చెప్పింది మొదటి వాక్యం గురించి. అవతలివాడి ఫోన్ మీద ముందు కనబడేది అదొక్కటే. దాన్ని చూసే తెరవాలో వద్దో తేల్చుకుంటాడు. ఎలా ఉన్నారు, మీ కంపెనీ అంటే నాకు ప్రాణం, ఇలాంటివి అక్కడ దండగ. "వాళ్ల దగ్గర లేనిదేదో, నీ దగ్గర ఉన్నదేదో ముందు అది చెప్పు. తర్వాత ఒక చిన్న వీడియో, వాళ్ల సరుకుతో ముడిపెట్టి. ఆ తర్వాత ఒకే ఒక్కటి అడుగు. అంతే."

వాడు రాసి చూపించాడు. "నాకు 60 వేలమంది ఫాలోవర్లు ఉన్నారు" అన్నది మొదటి వాక్యం.

"దుబాయ్‌లో అంతమంది ఉన్నవాళ్లు వీధికి నలుగురు దొరుకుతారు. అసలు చాలా కంపెనీలకి నీ ఫాలోవర్లతో పనే లేదు. వాళ్ల పేజీలో వేసుకోవడానికి మంచి వీడియో కావాలి, అంతే. అలాంటివాటికి డబ్బులిచ్చి చేయించుకుంటారు. నీ చానెల్ ఉన్నా ఒకటే, లేకపోయినా ఒకటే. వాళ్ల దగ్గర లేనిది ఈ రేకు. ఈ రేకు తీసే చెయ్యి. పిన్ని సంగతి రాయి."

"ఆవిడ సంగతెందుకు? వీడియోకి 300 ఇచ్చేస్తున్నాను కదా. పేరు వెయ్యక్కర్లేదు మావయ్యా, చానెల్ నాది."

నాకు కోపం వచ్చింది. ఆవిడ అక్కడే ఉందని కూడా చూడకుండా గట్టిగానే అన్నాను. "పని చేసిన మనిషిని దాచిపెట్టి పనిని అమ్ముకోవడం తప్పురా. తప్పన్నది పక్కనపెట్టినా, ఒప్పందందాకా వస్తే వీడియోలో కనబడే మనిషి సంతకం అడుగుతారు. అప్పుడేం చెబుతావు?"

"అప్పుడు చూద్దాంలే" అన్నాడు. పిన్ని తలెత్తలేదు. గుడ్డ ముంచింది, పరిచింది, లాగింది.

ధరల దగ్గర కూడా వాడు తొందరపడ్డాడు. ఖర్జూరం పెట్టె ఒకటి పంపితే చాలంటాడు. చాలదన్నాను. వీడియో చేసినందుకు ఒక ధర. నీ పేజీలో వేస్తే ఇంకో ధర. వాళ్లు దాన్ని ప్రకటనగా డబ్బు పెట్టి తిప్పుకుంటే ఎన్ని నెలలు తిప్పుకుంటారో దాన్నిబట్టి వేరే ధర. ఈ మూడోదే మనవాళ్లు అడగడం మర్చిపోతారు. మనిషి చేతిలో ఐదువేలు పెట్టి, ఆ వీడియోని ఏళ్ల తరబడి వాడుకున్న కంపెనీలు నాకు తెలుసు. ఆరు నెలలని కాగితం మీద రాయించుకోవాలి. ఎవరికి ఎంతన్నది విడివిడిగా వరస రాసి పంపితే కంపెనీవాళ్లకి నమ్మకం కలుగుతుంది. డబ్బు వచ్చేటప్పుడు ఎందుకొచ్చిందో చెప్పమని మన బ్యాంకు పర్పస్ కోడ్ అడుగుతుంది. భయపడకుండా ప్రకటన పని అని చెప్పాలి. డబ్బు తీసుకుని చేసిన వీడియో మీద ఆ సంగతి కనబడేలా వెయ్యాలి. మన వినియోగదారుల శాఖ 2023లో ఆ నియమాలు విడుదల చేసింది. ఇక రిజిస్ట్రేషన్ ఫీజు కట్టండి, కస్టమ్స్ డబ్బు కట్టండి, తర్వాత ఒప్పందం పంపుతాం అని ఎవరైనా అంటే, అది కంపెనీ కాదు, దొంగ. పని ఇచ్చేవాడు డబ్బు ఇస్తాడు, అడగడు.

"జవాబు రాకపోతే వారం ఆగి ఒక్కసారి గుర్తుచెయ్యి. రెండోసారి వద్దు. పోరు పెడితే బ్లాక్ చేస్తారు. చాలామంది అలా చేస్తే వాట్సాప్ నీ నంబరునే ఆపేయొచ్చు."

అన్నిటికీ తలూపాడు. ఆదివారం రాత్రి పదకొండింటికి, ఆగలేక, "నాకు 60 వేలమంది" అని మొదలయ్యే మెసేజ్ పంపేశాడు. నాకు పొద్దున్న చెప్పాడు. పాతికేళ్ల కుర్రాడి ఆత్రం, ఏమంటాం.

బుధవారం మధ్యాహ్నం జవాబు వచ్చింది. మర్యాదగా రాశారు. "మీ ఆసక్తికి ధన్యవాదాలు. ఆత్రేయపురం రేకుతో మా రంజాన్ వీడియోలు చేయడానికి ఇప్పటికే ఒకరితో మాట్లాడుకున్నాం."

వాడి ముఖం పాలిపోయింది. "మనూళ్లోనే ఎవడో పెట్టేశాడు మావయ్యా. ఎవడై ఉంటాడు?" అని ఊళ్లో వీడియోలు చేసే కుర్రాళ్ల పేర్లు ఒక్కొక్కటే తలుచుకోవడం మొదలుపెట్టాడు. నాకూ అంతు పట్టలేదు. ఇంత త్వరగా, ఇంత సరిగ్గా అడిగినవాళ్లు ఎవరో తెలుసుకోవాలనిపించింది.

సాయంత్రం పిన్ని కూతురు వచ్చింది, చేతిలో ఫోన్ పట్టుకుని.

"మావయ్యగారూ, ఈమెయిల్లో ఒప్పందం కాగితం వచ్చిందండి. మూడు వీడియోలకి 4,000 దిర్హాలు ఇస్తామన్నారు. ప్రకటనగా తిప్పుకోవడం ఆరు నెలలే అని అమ్మ రాయించింది. సంతకం పెట్టేముందు మీకోసారి చూపించమంది."

మన లెక్కలో 90 వేల పైమాటే. నేను కళ్లజోడు వెతుక్కున్నాను. మేనల్లుడు లేచి నిలబడ్డాడు.

"ముందు ఏమని రాశారమ్మా?" అన్నాను.

సోమవారం, పదకొండు గంటల ముప్ఫై రెండు నిమిషాలకి వెళ్లిన మెసేజ్ అది. కూతురు ఇంగ్లీషులో పెట్టింది, మాటలు తల్లివి. "ఆత్రేయపురం పూతరేకుల వీడియోల్లో మీరు చూసే చేతులు నావి" అన్నది మొదటి వాక్యం. రెండోది, ఖర్జూరం పెట్టి రేకు చుడుతున్న 20 సెకన్ల వీడియో గురించి. అది కూతురు ఫోన్లో తీసింది. మూడోది, ఈ విషయం చూసేవారి ఈమెయిల్ ఇప్పించమని. అంతే. నేను దుబాయ్‌లో కూర్చుని చదివిన వేల మెసేజుల్లో ఇంత చక్కనిది లేదు. అక్కడ ఉండగా నాకు ఇది వచ్చి ఉంటే ఆ నిమిషమే పైకి పంపేవాణ్ణి.

తర్వాత ఈమెయిల్లో వెళ్లిన ధరల పట్టిక తెరిచింది. రేకు తీయడానికి ఇంత, చుట్టడానికి ఇంత, ఆరు నెలల వాడకానికి ఇంత. ఎవరికి ఎంతన్నది విడివిడిగా, వరసగా ఉంది. మేనల్లుడు నా భుజం మీదుగా వంగి చదువుతున్నాడు. ఆఖరి వరస దగ్గర ఇద్దరం ఆగిపోయాం.

"వీడియో తీసే అబ్బాయికి, వీడియోకి 300 రూపాయలు. పేరు వెయ్యక్కర్లేదు."