సిల్వరు బిందె చెప్పిన కారంచేడు

‘నేను’ అనుకునేంత గొప్ప దీనికి లేదు. అందుకే ఈ సిల్వరు బిందె తన సంగతి కూడా ‘ఈ బిందె’ అనే చెప్పుకుంటుంది. ఇప్పుడుంటున్నది హనుమంతునిపాడులో. కొన్నది చీరాల బజారులో. కాపురానికి వెళ్ళింది మాత్రం కారంచేడు మాదిగపల్లెకు. ఈ మూడూ అప్పట్లో ప్రకాశం జిల్లాలోనివే.

ఆ పల్లెకు ఒక మంచినీళ్ళ చెరువు. 1985 జూలై 16న అక్కడ, ఊళ్ళోని కమ్మ ఆసాముల కుర్రాడొకడు గేదెలకు కుడితి పెట్టిన బకెట్లు కడుగుతున్నాడు. ఆ మురికి మళ్ళీ చెరువులోకే. తాగే నీళ్ళు కదా అన్నాడు మాదిగపల్లెకు చెందిన కత్తి చంద్రయ్య. కొట్టారు. నీళ్ళకొచ్చిన మున్నంగి సువార్త అడ్డం వెళ్ళింది. ఆమె మీదికీ చెయ్యి లేచింది. ఆమె బిందె ఎత్తింది.

ఎత్తిన బిందె ఇది కాదు. లేని ఘనత చెప్పుకోకూడదు. ఇది అదే పల్లెలో ఇంకో ఇంటిది.

తెల్లవారి 17న గొడ్డళ్ళు, బరిసెలు పట్టుకుని పెద్ద గుంపు పల్లె మీద పడింది. పొలాల్లోకి పారిపోతున్నవాళ్ళను తరిమి మరీ నరికారు. ఆరుగురు చనిపోయారు. ఆడపిల్లల మీద అత్యాచారాలు జరిగాయి. ఒక్క బకెట్టు కోసమా ఇదంతా? కాదు. కూలికి వంగే చేతులు ఎదురు లేచినందుకు.

ఆ పొద్దున పదేళ్ళ పిల్ల ఒకతి ఈ బిందెను చంకన పెట్టుకునే పరుగెత్తింది. బరువుతో ఎందుకే, పారెయ్యకపోయావా అని తర్వాత ఎవరో అడిగితే, “నీళ్ళున్నాయిగా” అంది.

బతికినవాళ్ళు చీరాల చేరారు. చర్చి ఆవరణలో శిబిరం. అక్కడ ఈ బిందె నీళ్ళూ మోసింది, గంజీ మోసింది. మళ్ళీ కారంచేడు పోయేది లేదని అందరూ తేల్చి చెప్పారు. పోలేదు కూడా. చీరాలలోనే విజయనగర్ కాలనీ లేచింది. 1985లోనే దళిత నాయకులు కత్తి పద్మారావు, బొజ్జా తారకం వంటివాళ్ళు దళిత మహాసభ అనే సంఘం పెట్టారు. 1989లో ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం వచ్చింది. కారంచేడు కేసులో సుప్రీంకోర్టు తీర్పు 2008 డిసెంబరులో వచ్చింది. ఒకరికి యావజ్జీవం, మరికొందరికి మూడేళ్ళ జైలు. ఇరవై మూడేళ్ళు పట్టింది!

ఆ పిల్ల పెద్దదై, పెళ్ళయి, బిందెతో సహా కనిగిరి పక్కనున్న ఈ హనుమంతునిపాడుకు వచ్చింది. ఇక్కడి కష్టం వేరు. బోరు నీళ్ళలో ఫ్లోరైడు, పిల్లల పళ్ళకు గార. ట్యాంకరు వస్తే బిందెల వరస.

ఆమె మనవరాలిది ఆరో తరగతి. నాజీలకు దొరక్కుండా ఆమ్‌స్టర్‌డామ్‌లో రెండేళ్ళు దాక్కున్న ఆన్ ఫ్రాంక్ సంగతి ఆ పిల్లకు తెలుసు, డైరీ చదివి ఏడ్చింది కూడా. మంచిదే. అవ్వ పరుగెత్తిన పొలాల సంగతి మాత్రం ఏ పుస్తకంలోనూ చదవలేదు. అవ్వ తనంతట తాను చెప్పదు, అడగాలి.

పిల్లలూ, కారంచేడులో పోయిన ఆ ఆరుగురి పేర్లు మీ అయ్యవార్లను అడగండి. వాళ్ళకు తెలియకపోతే మీరూ వాళ్ళూ కలిసి వెతికి నోటుబుక్కులో రాసుకోండి.