కాఫీ గారి పెళ్లిచూపులు

2025 మార్చిలో ఓ సోమవారం పార్లమెంటులో అరకు కాఫీ స్టాళ్లు తెరిచారు. మంత్రులు, ఎంపీలు కప్పులు పట్టుకుని ఫొటోలు దిగారు. అవి చూసి నా ఛాతీ ఉప్పొంగింది. ఎంతకీ దిగకపోతే, మా వీధి చివర కొత్తగా వెలసిన కాఫీ షాపుకెళ్లాను.

పెళ్లిచూపుల్లో అమ్మాయి కాఫీ పట్టుకొస్తుందని మనకి తెలుసు. ఇక్కడ కాఫీయే పెళ్లికూతురు. కూర్చోగానే గడ్డం కుర్రాడొకడు బయోడేటా చేతికిచ్చాడు.

పేరు: చిరంజీవి లక్ష్మీసౌభాగ్యవతి అరకు వ్యాలీ అరబికా. ఎత్తు: 900 నుంచి 1,100 మీటర్లు. పెంపకం: సిల్వర్ ఓక్ నీడన, మిరియాల తీగల సావాసంలో, ఎండ కన్నెరగదు. గోత్రం: జీఐ (భౌగోళిక గుర్తింపు), 2019లో ఖాయమైంది. విదేశీ సంబంధాలు: 2017లోనే పారిస్‌లో దుకాణం, 2023లో జీ20 దేశాధినేతలకు కానుకగా పరిచయం. ప్రస్తుతం: పార్లమెంటు.

"పాలు, పంచదార ఉన్నాయా బాబూ?" అన్నాను. పిల్లకి సవరం పెట్టమన్నట్టు చూశాడు కుర్రాడు. కాగితం తడిపి, పొడి తూచి, నీళ్లు చుట్టూ తిప్పి పోశాడు. మంత్రాలొక్కటే తక్కువ. ముందు బెల్లం, తర్వాత నారింజ తొన తెలుస్తాయన్నాడు. నాకు కాఫీ తెలిసింది. పైకంటే సంబంధం తప్పిపోతుందని తలాడించాను. బిల్లు 320 రూపాయలు, జీఎస్టీ అదనం. గురజాడ వారి జిల్లా పక్కనే కన్యాశుల్కం మళ్లీ మొదలైందన్నమాట.

పిల్ల నచ్చింది. నిజంగానే నచ్చింది. ఆనవాయితీ ప్రకారం అడిగాను: "పుట్టింటివాళ్లు ఎలా ఉంటారు?"

కుర్రాడు బయోడేటా తిరగేశాడు. వెనకాల డబ్బులు కట్టే క్యూఆర్ కోడ్ ఉంది.

సరే, నేనే చెబుతాను. పుట్టిల్లు అల్లూరి సీతారామరాజు జిల్లా కొండలు. వాలు మీద చెట్టు చెట్టుకీ తిరిగి, ఎర్రగా పండిన పండే చూసి చేత్తో కోసే గిరిజన ఆడవాళ్లున్న ఇల్లు. ఆ కొండల్లో రోడ్డులేని ఊళ్లో ఒకామెకి నొప్పులొస్తే, కర్రకి దుప్పటి కట్టి డోలీలో మోసుకెళ్తారు. వాగులు దాటి, అంబులెన్స్ ఆగిన చోటిదాకా. కొందరికి దారిలోనే కాన్పు. కొందరికి దారిలోనే ప్రాణం పోతుంది. ఇదేం కొత్త వార్త కాదు. ఏటా జిల్లా పేజీలో వస్తూనే ఉంది, మనం కాఫీ తాగుతూ చదువుతూనే ఉన్నాం.

గింజ కొండ దిగి పారిస్ వెళ్లింది, ఢిల్లీ వెళ్లింది. ఆ కొండ మీది నిండు గర్భిణి పాడేరు ఆస్పత్రికి వెళ్లలేకపోతోంది. పార్లమెంటులో స్టాలుకి చోటు సంపాదించినవాళ్లకి కొండ మీదికి రోడ్డు సంపాదించడం చేతకాదంటే నేను నమ్మను. చేతకాక కాదు, పట్టక. ఆ ఫొటోల్లో గర్వం కంటే నాకు సిగ్గే ఎక్కువ కనిపిస్తోంది.

మా వీధి షాపుకి రుచిలో పదికి తొమ్మిది. పుట్టింటివాళ్లని డోలీకి వదిలేసిన ప్రభుత్వాలకి, ఏ పార్టీదైనా సరే, సున్నా. అయ్యా ఎంపీలూ, ఆ కప్పు కాస్త కింద పెట్టి ముందు రోడ్డు వేయించండి.