నన్ను చంపేది చలి కాదు

నేను నిఫోఫియాను. తోటలు పెంచేవాళ్లు నన్ను రెడ్ హాట్ పోకర్ అంటారు. సన్నని పొడవాటి ఆకుల దుబ్బు నడుమ నుంచి నాకు నిటారైన కాడ లేస్తుంది. దాని కొసన గొట్టాల్లాంటి పూలు ఒత్తుగా కూడి కంకి కడతాయి. కింది పూలు ముందుగా విచ్చి పసుపుకు తిరుగుతాయి, పైన విచ్చని మొగ్గలు ఎర్రగా నిలుస్తాయి. 1753లో లిన్నేయస్ నన్ను కలబంద వర్గంలో చేర్చి అలో యువేరియా అని పేరు పెట్టాడు. 1794లో కాన్రాడ్ మెంఖ్ అనే జర్మన్ వృక్షశాస్త్రజ్ఞుడు నన్ను అందులోంచి విడదీసి, ఎర్‌ఫుర్ట్‌కు చెందిన వైద్యుడు క్నిఫోఫ్ పేరు నాకు ఇచ్చాడు. కలబందతో చుట్టరికం మాత్రం పోలేదు, ఇప్పటికీ మా ఇద్దరిదీ ఒకే కుటుంబం. ఆ చుట్టరికాన్ని, నా నిప్పు రంగును, ఆఫ్రికా అనే పుట్టిల్లును కలిపి చూసి చాలామంది నన్ను ఎడారి మొక్క అనుకుంటారు. అందుకే ఎండాకాలంలో నీళ్లు పెట్టరు. చలికాలంలో చనిపోతే వేడి దేశపు మొక్క కదా, చలికి పోయిందంటారు. రెండూ పొరపాటే. నన్ను బతికించాలన్నా పూయించాలన్నా తెలుసుకోవలసిన సంగతి ఒకటే: నా పుట్టినచోట వాన ఏ కాలంలో పడుతుంది?

మా జాతులు సుమారు 70. కొన్ని తూర్పు ఆఫ్రికా కొండల్లో, మడగాస్కర్‌లో, యెమెన్‌లో ఉన్నా, ఎక్కువ భాగం దక్షిణాఫ్రికా చుట్టుపక్కలవే. మాలో చలికి బాగా ఓర్చే కౌలెసెన్స్‌ను చూడండి. నీలిబూడిద రంగు ఆకులున్న ఈ జాతి డ్రాకెన్స్‌బర్గ్ కొండల్లో, లెసోతో ఎత్తుల్లో పెరుగుతుంది. ఆ కొండల్లో అన్నిటికన్నా ఎత్తైన శిఖరం 3,482 మీటర్లు. శీతకాలంలో అక్కడ గట్టిగా మంచు పడుతుంది. కాబట్టి చలి నాకు కొత్త కాదు. అయితే అక్కడ వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి మార్చి దాకా, అంటే ఆ అర్ధగోళపు వేసవిలోనే పడిపోతుంది. నేను పెరిగి పూసే రోజుల్లో వేళ్ల దగ్గర నీళ్లు పుష్కలం, విశ్రాంతి తీసుకునే రోజుల్లో నేల చల్లగా, పొడిగా ఉంటుంది. ఇంగ్లండులోనో సియాటిల్‌లోనో తోటలో ఈ లెక్క తప్పుతుంది. సియాటిల్‌లో వేసవి దాదాపు పొడి, వాన చాలావరకు చలికాలానిదే. ఇంగ్లండులో వేసవిలోనూ వాన పడుతుంది గానీ, చలికాలమంతా నేల ఆరదు. అక్కడ స్థిరపడిన తెలుగు కుటుంబాలు నన్ను కొని నాటినా ఇదే చిక్కు ఎదురవుతుంది. దాహం వేసినప్పుడు నీళ్లు చాలకపోవచ్చు, అక్కర్లేనప్పుడు మొదలు దగ్గర నిలుస్తాయి.

ఆ తడి నన్ను రెండు దారుల్లో దెబ్బతీస్తుంది. నీరు నిలిచిన నేలలో వేళ్లకు గాలి ఆడదు. చలికాలంలో నా ఎదుగుదల దాదాపు ఆగిపోతుంది కాబట్టి పాడైన వేరు స్థానంలో కొత్త వేరు వేసుకోలేను. మొదలు మెత్తబడి కుళ్లు పడుతుంది. రెండో దెబ్బ పైనుంచి వస్తుంది. నా ఆకులన్నీ ఒకే కేంద్రం నుంచి విచ్చుకుంటాయి కాబట్టి వాన నీరు నేరుగా మొవ్వులోకి జారి అక్కడే గడ్డకడుతుంది. వచ్చే ఏడాది కంకి పుట్టవలసిన లేత భాగం ఆ మొవ్వులోనే ఉంటుంది. అనుభవమున్న తోటమాలులు చలికాలం ముందు నా ఆకులను పైకెత్తి జుట్టుముడిలా కట్టేది ఇందుకే. ఆ ముడి చలిని ఆపలేదు, మొవ్వులోకి నీరు దిగకుండా మాత్రమే చేస్తుంది. అంతమాత్రానికే నేను బతికి బయటపడుతున్నానంటే నేరం తడిదే. నాటే వేళ గురించి వాళ్లు చెప్పే మాట కూడా ఇక్కడికే వస్తుంది. నన్ను వసంతంలో నాటమంటారు, పిలకలు విడదీసినా అప్పుడే విడదీయమంటారు. శరదృతువులో కదిపితే, తెగిన వేళ్లు మానకముందే తడి నేల వాటిని పట్టేస్తుంది.

దీనికి ఒక బలమైన అభ్యంతరం ఉంది. నీరు నిలిస్తే చస్తానంటున్న నేను పుట్టినచోట వాగుల ఒడ్డున, చిత్తడి నేలల్లో ఎందుకు పెరుగుతున్నాను? పైగా మాలో తోటల్లోకి ముందుగా వచ్చిన యువేరియా జాతి దక్షిణాఫ్రికాలోని పశ్చిమ కేప్‌లోనూ ఉంది, అక్కడ వానలు శీతకాలంలోనే కురుస్తాయి. నిజమే. అయితే యువేరియా నిలబడేది ఇసుకరాయి వాలుల మీద నీరు ఊరి జారే చోట. ఆ నీరు కదులుతూ గాలిని వెంట తెస్తుంది, ఇసుక దాన్ని పట్టి ఉంచదు. అక్కడి శీతకాలం కూడా నెమ్మదైనదే. తోటలోని బంకమట్టిలో కదలని నీరు, గడ్డకట్టే చలి ఒకేసారి వస్తాయి. నేను ఓడిపోయేది ఆ రెండూ కలిసినప్పుడు. ఎంత చలినైనా తట్టుకుంటానని నేను గొప్పలు పోను. నేల లోతుగా గడ్డకట్టే ప్రాంతాల్లో పొడి నేల కూడా నన్ను కాపాడలేదు. కానీ నన్ను సాధారణంగా పెంచే తోటల్లో చలి ఆ స్థాయికి చేరడం అరుదు.

ఇంకొకరు అంటారు: నీళ్లు పెట్టకపోయినా మా తోటలో ఏళ్లుగా బతికే ఉందే! బతుకుతాను. నా వేళ్లు దళసరివి, ఒకసారి నాటుకున్నాక ఎద్దడిని ఓర్చుకుంటాను. అయితే బతకడం వేరు, పూయడం వేరు. కంకి లేచే వారాల్లో వేరుకు తడి అందకపోతే కాడ పొట్టిగా వస్తుంది, మొగ్గలు ఎండుతాయి. ఆ కంకి కేవలం చూడముచ్చట కోసం వెలిసింది కాదు. నా దేశంలో తేనెపిట్టలు దానిమీద వాలి, వంపు ముక్కును గొట్టంలోకి దూర్చి మకరందం తాగుతాయి, వాటి తలకంటిన పుప్పొడి ఇంకో కంకికి చేరుతుంది. అమెరికా తోటల్లో హమ్మింగ్ బర్డ్‌లు వస్తాయి, ఇంగ్లండులో తేనెటీగలు వస్తాయి. మకరందం అంటే చాలావరకు నీరూ చక్కెరా. నీరివ్వకుండా దాన్ని అడగడం న్యాయం కాదు.

నేను అడగకుండానే వ్యాపించే మొక్కనన్న ఫిర్యాదును కూడా కాదనను. ఆస్ట్రేలియాలోని విక్టోరియాలో నేను తోటలు దాటి కలుపు మొక్కగా మారాను. తడి తగిలే చోట్లను, రోడ్డు వారలను పట్టుకున్నాను. అటువంటి ప్రాంతాల్లో పూలు వాడగానే కాడను మొదలంటా కోసి గింజ కట్టకుండా చూడాలి, అడవికి, వాగుకు దగ్గరగా నన్ను అసలు నాటకూడదు. ఈ ఫిర్యాదు కూడా నా వాదానికే సాక్ష్యం. నిజంగా ఎడారి మొక్కనైతే తడి చోట్లను వెతుక్కుంటూ పోయేదాన్ని కాదు.

కాబట్టి నన్ను తెచ్చుకునేవారు చేయవలసింది కొద్దే. రోజంతా ఎండ తగిలే చోటు చూడండి. నేల బంకమట్టి అయితే గులకరాళ్లు, బాగా చివికిన ఆకు ఎరువు కలిపి మట్టిని కాస్త ఎత్తు చేసి వసంతంలో నాటండి, మొదలును మట్టిలో లోతుగా పూడ్చకండి. దుబ్బుకు దుబ్బుకు మధ్య 60 సెంటీమీటర్లకు తగ్గకుండా వదలండి. కంకి లేచే రోజుల్లో వేరు దాకా దిగేలా నీళ్లు పోయండి. మొదటి చలికాలంలో మొదలు చుట్టూ పొడి ఆకులు కప్పండి, పాత ఆకులను వసంతం దాకా కోయకుండా పైకి కట్టి ఉంచండి. మొక్క చీటీ మీద ఎంత చలికి ఆగుతుందో రాసి ఉంటుంది. అది సగం సమాచారమే. మిగతా సగం ఆ మొక్క సొంత నేలలో వాన పడే నెలల్లో ఉంటుంది. నా గురించే కాదు, దూరదేశం నుంచి తోటకు వచ్చిన ప్రతి మొక్క గురించీ ముందుగా అడగవలసిన ప్రశ్న అదే.