కొసరు లేని అంగడి

మొన్న జహీరాబాద్‌ల ఓ దుకాణంల అరకిల కొర్రల పాకిట్ కొన్న. ధర సూసి కండ్లద్దాలు తుడుసుకొని మల్ల సూసిన. తప్పు సూడలె. "కొసరేది బిడ్డా?" అని అడిగిన. వానికి సమజ్ కాలె. "డిస్కౌంటా తాతా?" అన్నడు.

మా రోజుల్ల అంగడి గిట్లుండెనా? పొద్దుగాలనే గంపలు నెత్తిన పెట్టుకొని ఊర్లల్లకెల్లి ఆడోళ్లు నడిసొచ్చేది. కందులు, పెసర్లు, అనుములు, కొంగుల మూటగట్టిన నువ్వులు. మానిక మీద గోపురం లేసేదాక పోసి, ఆ మీద గుప్పెడు కొసరు. కొసరెయ్యకుంటే కొనేటోడు కదిలేటోడు కాదు. ఇప్పుడు పాకిట్ మీద బార్‌కోడుంటది, గడువు తేదీ ఉంటది. పండించినామె పేరొక్కటి ఉండదు.

మాది ఎకరంనర చెల్క. జొన్నల కంది, కంది నడుమ అనుము, ఒకటి వానకు పోతే ఇంకోటి నిలబడేది. యాసంగిల నల్లరేగడిల శనిగలు, కుసుమలు మంచు తాగే పండేటియి. వాటిని సత్యం పంటలంటరు. బోరు లేదు, మోటరు లేదు, కరెంటోని కాళ్లు మొక్కుడు లేదు.

గింత మాట్లాడే నేను బడిల జొన్నరొట్టెను దాసుకొని తిన్నోన్నే. తెల్లబువ్వ తింటేనే మనిషి అనుకున్నం. 1983ల రెండు రూపాయలకు కిల బియ్యం వచ్చె, మా ఇంట్ల రొట్టెల పెంక అటకెక్కె. చెల్కల చెరుకు పెట్టిన, అల్లం పెట్టిన. అల్లం ఓ ఏడు బంగారం, ఇంకో ఏడు దుంపకుళ్లు. కుళ్లిన ఏడు చెల్కల తినతందుకు గింజ లేదు.

అదే 1983ల పస్తాపూర్‌ల డక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ మొదలైంది. దళిత ఆడోళ్లు సంఘాలు కట్టి, పడావు పడ్డ చెల్కలల్ల జొన్న, కొర్ర, సామ ఏసిండ్రు. బూడిద, వేపాకు కలిపి బుట్టలల్ల ఇత్తనం దాసిండ్రు. ఇత్తనానికి పైసలు లేవు, మానిక తీస్కపోతే పంటైనంక రెండు మానికలు తెచ్చియ్యాలె. కూలికి పోయేటోళ్లు మనకు ఎవుసం చెప్తరా అని నవ్వినం. సంక్రాంతికి ఎడ్లబండ్ల మీద ఇత్తనాలు ఊరూరు తిప్పే పాత పంటల జాతరను సూసీ నవ్వినం. 2008ల మాచునూర్‌ల వాళ్లే రేడియో పెట్టిండ్రు. 2019ల ఐక్యరాజ్య సమితోళ్ల ఈక్వేటర్ ప్రైజొచ్చింది. నవ్వుడు బందయింది. 2023ను దునియా అంత చిరుధాన్యాల ఏడన్నది, ఆ ఏడే సొసైటీని నడిపిన సతీశ్ సారు పోయిండు. చిరుధాన్యాలట! మాకవి ధాన్యాలే, 'చిరు' ఎవడు తగిలిచ్చిండో.

నాకు షుగరు. కొర్రలు తినుమని డాక్టరే రాసిచ్చిండు, లేకుంటే ఆ పాకిట్ ఎవడు కొంటడు?

ఇంటికొస్తే పక్కింటి సంఘం మనిషి పాకిట్ సూసింది. "గిదెంతకు కొన్నవే అన్నా?" చెప్పిన. ఏం అనలె. లోపటికి పోయి, పొట్టు తియ్యని కొర్రలు మానికెడు తెచ్చి నా తువ్వాలల పోసింది. మీదికెల్లి గుప్పెడు కొసరు.

"ఇవి తినతందుకు కావు, ఇత్తనాలు. రెండు మానికలు తెచ్చియ్యాలె మల్ల" అన్నది.

నా చెల్కల ప్లాట్ల రాళ్లు పాతిన సంగతి ఆమెకు ఎరుకే.