జర్మనీ వెళ్లొచ్చినవారు మధురవాడలో మసలుకోవలసిన తీరు

మా అపార్టుమెంటు సెల్లారులో సాయంత్రం నాలుగు కుర్చీలు పడ్డాయంటే, అందులో ఒకటి ఫారిన్ వెళ్లొచ్చినవాడిదే. అమెరికా వాళ్ల ధాటి ఈమధ్య కొంచెం తగ్గింది. ఇప్పుడు జర్మనీ వంతు. అక్కడి ప్రభుత్వ యూనివర్సిటీల్లో చాలావాటికి ట్యూషన్ ఫీజు ఉండదన్న కబురు విశాఖలో మా మధురవాడకి బాగానే చేరింది. పిల్లలు ఎమ్మెస్‌కని వెళ్తారు. ఉద్యోగం రాగానే అమ్మానాన్నల్ని పిలిపించుకుంటారు. వాళ్లు అక్కడ తొంభై రోజులుండి వచ్చి, ఇక్కడ తొమ్మిది వందల రోజులు మనల్ని వాయిస్తారు.

వాళ్లని చూసి విసుక్కునేవాణ్ణి. కిందటేడు మా అమ్మాయి డూయిస్‌బర్గ్ రమ్మంది. వెళ్లాను, వచ్చాను. ఇప్పుడు ఆ కుర్చీ నాది. అనుభవం మీద చెబుతున్నాను, రాసుకోండి.

ఒకటి. దేశం పేరు ఎత్తకూడదు. "అక్కడైతే..." అని మొదలుపెట్టి, ఒక్క క్షణం ఆగి, కార్‌షెడ్ జంక్షన్ వైపు జాలిగా చూడాలి. మిగతాది వాళ్లే పూరించుకుంటారు.

రెండు. అక్కడున్నన్నాళ్లూ యూరోల్ని రూపాయల్లోకి మార్చుకుని ఏడవాలి. ఇక్కడ దిగాక ఇడ్లీ ప్లేటుని యూరోల్లోకి మార్చి, "ఊరికే ఇచ్చేస్తున్నాడు పాపం" అనాలి.

మూడు. ఎర్ర లైటు దగ్గర ఆగాలి. అక్కడ నడిచిపోయేవాడు ఎర్ర లైటులో దాటినా ఐదు యూరోల జరిమానా ఉంది. రాత్రి పదకొండింటికి, కనుచూపుమేరలో ఒక్క కారు లేకపోయినా, ఓ ముసలాయన నా పక్కన చేతులు కట్టుకుని నిలబడటం కళ్లారా చూశాను. ఆ ఊపులో, వచ్చిన మర్నాడే కొమ్మాది దగ్గర స్కూటరు ఆపాను. వెనకనున్న షేర్ ఆటో అబ్బాయి రెండుసార్లు హారన్ కొట్టి, పక్కకొచ్చి, నిజమైన ఆదుర్దాతో అడిగాడు: "ఏటి గురూ, పెట్రోలైపోనాదా?"

ఆ సూత్రం నాకు పదకొండు రోజులు నిలిచింది. మీకు ఎన్నాళ్లు నిలుస్తుందో చూసుకోండి.

నాలుగోది ఖాళీ సీసాల సంగతి. ఇది తప్పకుండా చెప్పాలి, జనం నోరు తెరిచి వింటారు. నీళ్ల సీసా కొంటే పాతిక సెంట్లు ఎక్కువ కట్టించుకుంటారు. మన లెక్కన ఇరవై రూపాయల పైమాటే. ఖాళీ సీసా తెచ్చి సూపర్ మార్కెట్‌లో మిషన్ నోట్లో పెడితే చీటీ వస్తుంది, చీటీ కౌంటర్లో ఇస్తే డబ్బు తిరిగి వస్తుంది. చెప్పకూడనిది ఒకటుంది. స్టేషన్ దగ్గర చెత్తడబ్బాలో మోచేతి దాకా చెయ్యి పెట్టి ఆ సీసాలే వెతుక్కుంటున్న పెద్దావిడ. ఒంటి మీద మంచి కోటే ఉంది. నా చేతిలో సీసా సగం ఉండగానే గబగబా తాగేసి ఆవిడకిచ్చాను. "డాంకే" అంది. సెల్లారులో ఈ ముక్క చెబితే కథ రక్తి కట్టదు.

రైళ్లు? "సెకను తేడా ఉండదు" అనేయండి. ఆరు నిమిషాల లోపు ఆలస్యాన్ని లెక్కలోకి తీసుకోకపోయినా, 2024లో అక్కడి దూరప్రాంతపు రైళ్లలో సమయానికి వచ్చినవి నూటికి 63 కూడా లేవు. విశాఖలో రైలెక్కేవాడికి ఈ సంగతి తెలిస్తే మనకి విలువేముంటుంది?

ఆదివారం. దుకాణాలన్నీ మూత. ఆదివారపు విశ్రాంతి గురించి 1919 నాటి రాజ్యాంగంలో రాసుకున్న మాటని 1949లోనూ అలాగే ఉంచుకున్నారు. "మనశ్శాంతి అంటే అదండీ" అని నిట్టూర్చాలి. మొదటి ఆదివారం పాలు నిండుకుని, డికాక్షన్ తాగుతూ, పీఎం పాలెంలో చికెన్ కొట్టు ముందు క్యూని తలుచుకుని నేను బెంగపెట్టుకున్న సంగతి మా ఆవిడకి మాత్రమే తెలుసు. ఆవిణ్ణి సెల్లారుకి రానివ్వను.

తర్వాతది ఎన్నో నంబరో మర్చిపోయాను. ఫోటోలు. ఇది జాగ్రత్తగా చెయ్యాలి.

డూయిస్‌బర్గ్ కూడా మన ఊరి బాపతే. పోర్టూ ఉక్కూ రెండూ ఉన్నాయి. కాకపోతే పోర్టు రైన్ నది మీద. అక్కడ మైడెరిష్ అనే చోట 1985లో ఆపేసిన ఇనుప కర్మాగారాన్ని పడగొట్టకుండా 1994లో పార్కుగా తెరిచారు. టికెట్ లేదు. చల్లారిన బ్లాస్ట్ ఫర్నేస్ మీదికి మెట్లెక్కి ఊరంతా చూడొచ్చు. గ్యాస్ ట్యాంకులో నీళ్లు నింపి డైవింగ్ నేర్పుతున్నారు. ముడిఖనిజం పోసుకునే బంకర్ల గోడల మీద కుర్రాళ్లు తాళ్లు కట్టుకుని పాకుతుంటారు. రాత్రయితే రంగుల దీపాలు. నూట నలభై ఫోటోలు తీశాను.

అవన్నీ మా తోడల్లుడిగారికి చూపించాను. నాకన్నా పెద్దాయన, అన్నయ్యగారూ అంటాను. స్టీల్ ప్లాంటు బ్లాస్ట్ ఫర్నేస్‌లో ఇరవై తొమ్మిదేళ్లు చేసి రిటైరయ్యాడు. మన మూడు ఫర్నేసుల పేర్లు గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ. వాళ్లింట్లో "గోదావరి ఎలా ఉంది?" అంటే వరద సంగతి అడిగినట్టు కాదు. ఆ ప్లాంటులో తన నూటికి నూరు శాతం వాటా అమ్మేస్తామని 2021 జనవరిలో కేంద్రం నిర్ణయించింది. అప్పట్నుంచీ ఆయన మధురవాడ నుంచి బస్సు మారి, ఆ అమ్మకం వద్దంటూ కూర్మన్నపాలెంలో పెట్టిన దీక్షా శిబిరానికి వెళ్లొస్తూండేవాడు.

"చూశారా అన్నయ్యగారూ, పాత ఫర్నేస్‌ని ఎంత అందంగా ఉంచుకున్నారో! అక్కడైతే..." అన్నాను.

ఆయన ఒక ఫోటో దగ్గర ఆగి, రెండు వేళ్లతో పెద్దది చేశాడు. ఇనుము కరిగి పారే కాలవ అది. అందులో ఎండుటాకులున్నాయి. చాలాసేపు చూశాడు.

"ఇక్కడ చేసినోళ్లు ఏటయ్యారు, తమ్ముడూ?"

అడగలేదు. అక్కడ అంతసేపు తిరిగి నేను అడిగింది ఐస్‌క్రీమ్ ఎంత అని.

ఈ ఒక్క సందర్భానికీ నా దగ్గర సలహా లేదు. ఫోన్ తీసేసుకుని కాఫీ అడిగాను.

మార్చిలో అమ్మాయి మళ్లీ రమ్మంటోంది. సంగతి తెలిసి అన్నయ్యగారు మందుల షాపు బిల్లు వెనక నాలుగు ప్రశ్నలు రాసిచ్చాడు. ఆపేసిన రోజు షిఫ్టులో ఎంతమంది? ఎవరెవర్ని ఎక్కడికి పంపారు? క్వార్టర్లు ఖాళీ చేయించారా? అప్పుడు పనిచేసినవాళ్లు ఇప్పుడా పార్కుకి వస్తారా? జర్మన్‌లో రాసిపెట్టమని బిల్లు ఫోటో తీసి అమ్మాయికి వాట్సాప్ చేశాను.

"ఇవాళ ఆదివారం నాన్నా, రేపు చూస్తా" అంది.